ఒరగల్లు మొదలు ఊదాదీపము వరకు: మాట్టుతావణి అంగడిలో నాణెపు పరీక్ష

మధుర నగరమునకు ఈశాన్యముగా, మేలూరు పోవు బాటమీద మాట్టుతావణి అను చోటు కలదు. నేటి బాలబాలికలు ఆ పేరు వినగానే తలచునది 1999లో ప్రారంభమైన పెద్ద బస్సు నిలయమును. పెద్దలకు మాత్రము ఆ పేరులోనే దాని పూర్వకథ వినిపించును. తమిళమున "మాడు" అనగా పశువు. "తావణి" అనగా పశువులు చేరు సంత. పశువులను వరుసగా కట్టివేయు పొడవైన త్రాటిని సంస్కృతమున దామని యందురు. తెలుగువారి దామెన కూడ అదియే. త్రాటి పేరు క్రమముగా సంతకు పేరైనది. ఆంధ్రదేశమునుండి క్రొత్తగా వచ్చిన బంధువులు ఈ పేరు విని, తమిళమున తావణి అనగా ఆడపిల్లల ఓణీ గనుక, ఇది ఓణీలు అమ్ము అంగడి కాబోలునని పొరపడుటయు కలదు.

దక్షిణదేశపు పశువుల సంతలలో ఒక వింత ఆచారమున్నది. బేరగాండ్రు ఇద్దరు తువాలు క్రింద చేతులు కలిపి, వ్రేళ్ళను పట్టి నొక్కి ధర తేల్చుకొందురు. ప్రక్కన నిలిచినవానికి కూడ ఆ ధర తెలియదు. అయితే సొమ్ము చేతులు మారు వేళ ఈ రహస్యము సాగదు. అది వెలుతురులోనే జరుగవలెను. పుచ్చుకొనువాడు ఒక్కొక్క రూపాయిని చూడవలెను, మీటవలెను, ఎంచవలెను. ఎద్దు మంచిదా కాదా అని పండ్లు చూచి తెలిసికొన్నట్లే, రూపాయి మంచిదా కాదా అని తెలిసికొనుటకు కూడ ఒక విద్య ఉండెడిది. ఆ విద్య ఎవరి చేతిలో ఉండినది, ఎట్లు చేతులు మారినది, నేడు ఎవరి మెడకు చుట్టుకొన్నది అనునదే ఈ వ్యాసమునకు విషయము.

నేటి మాట్టుతావణిలో పశువులు లేవు. కూరగాయల అంగడి, పూల అంగడి అచట నెలకొన్నవి. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన మధుర మల్లె తెల్లవారక మునుపే గోనెలలో వచ్చి దిగును. వ్యాపారమంతయు చీకటితోడనే మొదలగును. అట్టి వేళ ఒక ఐదువందల నోటును ఎవరైనను చాచినప్పుడు కొందరు వర్తకులు జేబులోనుండి వ్రేలెడంత టార్చి తీసి, దాని ఊదారంగు వెలుగును నోటుపై ప్రసరింపజేయుదురు. రెండు క్షణములు చూచి నోటును గల్లాపెట్టెలో వేయుదురు, లేదా తల అడ్డముగా ఊపి వెనుకకు ఇచ్చివేయుదురు. చూచుటకు ఇది చిన్న పని. ఈ చిన్న పని వెనుక ఐదువందల యేండ్ల చరిత్ర ఉన్నది.

1529లో విశ్వనాథ నాయకుని రాకతో మధురలో నాయకరాజ్యము ఏర్పడినది. విజయనగరమునుండి ఆయనతోపాటు, ఆయన వెనుకను, తెలుగు కుటుంబములు పెక్కు దక్షిణమునకు వచ్చినవి. సేనలలో కొలువుచేసినవారు పాలెములలో నిలిచినారు. సేద్యము తెలిసినవారు మధుర, రామనాథపురము, తిరునెల్వేలి, కోయంబత్తూరు ప్రాంతములలోని నల్లరేగడి భూములను వెదకి పట్టుకొని ప్రత్తి పండించినారు. వర్తకులు పేటలలో స్థిరపడినారు. వీరందరితోపాటు విజయనగరపు నాణెములు, వానిని లెక్కించు పద్ధతి కూడ వచ్చినవి. బంగారు వరహా సుమారు 3.4 గ్రాముల తూకము గలది. దానిలో చిన్న భాగము పణము. నాయకరాజులు తామును రాగి నాణెములు ముద్రించినారు. వానిపై తెలుగు, తమిళ, నాగరి లిపులలో అక్షరములు కానవచ్చును. రాజు భాష ఒకటి, రైతు భాష మరియొకటి అయిన దేశమున నాణెము రెండింటను పలుకవలసి వచ్చినదన్నమాట.

నాణెపు పరీక్ష మన దేశమునకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రూపదర్శకుడను అధికారి పేర్కొనబడినాడు. చలామణిలోని నాణెములను చూచి మంచిచెడ్డలు నిర్ణయించుట ఆతని పని. తరువాతి కాలమున ఆ పని షరాబుది అయినది. షరాబు అంగడిలో మూడు పరికరములు ముఖ్యము: త్రాసు, ఒరగల్లు, వన్నె తెలిసిన బంగారు పుల్లల కట్ట. అనుమానము కలిగిన వరహాను నల్లని రాతిపై గీచి, ప్రక్కనే తెలిసిన వన్నెగల పుల్లతో మరియొక గీత గీచి రెండింటి రంగును పోల్చి చూచెడివాడు. పదాఱువన్నె బంగారము అను మాట నేటికిని తెలుగు ఇండ్లలో వినబడుచున్నది గాని, అది ఒకనాడు షరాబు కొలబద్దయని తలచువారు తక్కువ. తమిళములో నాణయమనగా నాణెము, నిజాయితీ అని రెండర్థములు. తెలుగులో నాణెము, నాణ్యము అను మాటలు ప్రక్కప్రక్కనే నడచుచున్నవి. మనిషిని, లోహమును ఒకే రాతిపై గీచి చూచిన కాలపు మాటలవి.

ఈ షరాబు వ్యవస్థలో ఒక విశేషము గమనింపదగినది. అరిగిన నాణెమునకు, వన్నె తగ్గిన నాణెమునకు షరాబు వట్టము తీసికొని మిగిలిన విలువ ఇచ్చెడివాడు. నూటికి రెండో మూడో పోయినను, తక్కినది దక్కెడిది. దొంగ నాణెమైనను అందులోని లోహమునకు ఎంతో కొంత వెల ఉండెడిది. కనుక తప్పు నాణెము చేతబడినవానికి నష్టము కలిగినను అది కొలతకు లోబడిన నష్టము. షరాబులందరును ధర్మాత్ములని దీని భావము కాదు. వట్టము పేరిట పల్లెటూరివానిని దోచినవారును ఉన్నారు. అయినను పరీక్షించు భారము, ఆ విద్య నేర్చి దానిచే బ్రతుకు ఒక వృత్తివానిపై ఉండెడిది. పాలమ్ముకొను ముసలమ్మ ఒరగల్లు కొనవలసిన పని లేదు.

1801 నాటికి ఈ సీమ అంతయు ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోనికి వచ్చినది. అప్పటి నాణెముల గజిబిజి చెప్పతరము కాదు. నక్షత్రపు వరహాలు, పరంగిపేట వరహాలు, ఆర్కాటు రూపాయలు, పలు ముద్రల పణములు ఒకే సంచిలో ఉండెడివి. మద్రాసు లెక్కలో వరహాకు 42 పణములు, పణమునకు 80 కాసులు. వరహా మూడున్నర రూపాయలకు సమము. ఈ లెక్కలు నోటికి వచ్చిన గుమాస్తాకు గౌరవమెక్కువ. 1818లో మద్రాసు రాజధానిలో వెండి రూపాయి ప్రధాన నాణెమైనది. 1835లో కంపెనీ ఏలుబడిలోని దేశమంతటికిని 180 గ్రెయినుల ఒకే తూకపు రూపాయి ఏర్పడినది. అందులో పదునొకండు పాళ్ళు వెండి, ఒక పాలు కలగలుపు.

ఒకే తూకము, ఒకే ముద్ర వచ్చుటతో షరాబు అవసరము కొంత తగ్గినది. పరీక్ష మొదటిసారిగా సామాన్యుని చెవికి దిగివచ్చినది. రూపాయిని రాతిమీద వేసినచో గల్లుమనవలెను. సీసము కలిసినచో చప్పగా పలుకును. గడప ముందరి బండమీద రూపాయి మ్రోగించి చూచుట ఇంటింటను ఎరిగినదే. ఆ రూపాయిలోని వెండి 1940లో సగమునకు తగ్గింపబడినది. దొంగముద్రలను అడ్డుటకు అంచున ప్రత్యేకమైన గాడి కూడ ఆ సంవత్సరమే ఏర్పాటైనది. 1947లో వెండి పూర్తిగా పోయి నికెలు రూపాయి వచ్చినది. విక్టోరియా రాణి రూపాయలను పెండ్లిపెట్టెలలో దాచినవారు పామరులేమియు కారు. వారి చెవులు వారికి నిజమే చెప్పినవి.

కాగితపు నోటు కథ వేరు. 1861 నాటి చట్టముచే నోట్లు వెలువరించు హక్కు ప్రభుత్వమునకే దక్కినది. మొదటి నోట్లు ఇంగ్లండులోని లేవర్‌స్టోక్ మిల్లున చేతితో పోసిన కాగితముపై ఒక ప్రక్క మాత్రమే అచ్చయినవి. రాణి బొమ్మ గల ఆ నోట్లకు దొంగనోట్ల బెడద తగులుకొనగా 1867లో వానిని తొలగించి, రంగుల అల్లికలు, అలలవంటి నీటిగుర్తు గల క్రొత్త నోట్లను తెచ్చినారు. అనగా నోటు పుట్టిన ఆరేండ్లకే దొంగనోటు కూడ పెరిగి పెద్దదైనది. ఆనాటి నోటు తాను పుట్టిన మండలములోనే చట్టరీత్యా మారెడిది. 1903 నుండి 1911 లోపల 5, 10, 50, 100 రూపాయల నోట్లకు ఆ కట్టు తొలగినది. దూరపు ఊళ్ళకు సొమ్ము పంపు వర్తకులు నోటును రెండుగా చీల్చి ఒక సగమును ముందు, అది చేరినట్లు జాబు వచ్చిన పిమ్మట రెండవ సగమును తపాలలో పంపెడివారు. త్రోవలో దొంగిలించినవానికి సగము కాగితమే మిగులునట్టి ఉపాయమది.

కాగితమును మ్రోగించి చూడలేము. గీచి చూడలేము. తూచి చూచుట వలన ప్రయోజనము లేదు. కాగితమును చదువవలెను. ఇచటనే పాఠశాలకు నాణెపు చరిత్రలో చోటు ఏర్పడినది. అక్షరజ్ఞానము లేనివాడు నోటును రంగునుబట్టి, కొలతనుబట్టి గుర్తుపట్టవలసినదే. వాని అమాయకత్వమే దొంగనోటువానికి పెట్టుబడి. నోటు వెనుక భాషల పట్టీ ముద్రించుటలోని ఉద్దేశ్యమును ఈ దృష్టితో చూడవలెను. నేటి నోటుపై ఆ పట్టీలో 15 భాషలున్నవి. ఇంగ్లీషు అకారాది క్రమముననుసరించి కూర్చుటచేత పదమూడవది తమిళము, పదునాల్గవది తెలుగు. మధురలోని తెలుగు వీధులందువలెనే అచటను రెండును ఒకదాని క్రింద ఒకటి కాపురమున్నవి. ఇంట తెలుగు, వీధిలో తమిళము పలుకు బిడ్డ తన రెండు భాషలను ఒకే చోట చదువగల కాగితములు లోకమున ఎన్ని ఉన్నవి? తెలుగు మాధ్యమమున చదువుకొన్న పిల్లలకు ఆ పదునాల్గవ పంక్తి చదువుట మొదటి నోటు పరీక్షయని చెప్పినను తప్పు కాదు. అక్షరములు అలుకుకొని ఉన్న నోటును అనుమానింపవలెనని అది నేర్పును.

పైసలు, అణాలు ఈ కథలోనివే గనుక ఒక మాట. డెబ్బదియైదు దాటిన పాత విద్యార్థులు రూపాయికి 16 అణాలు, 192 పైలు అను ఎక్కమును బెత్తము భయముతో నేర్చినవారు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చి ఆ ఎక్కమును ఒక్కనాడు రద్దుచేసినవి. అంగడివారు పాత లెక్కను క్రొత్త లెక్కలోనికి మార్చుటకు బడిపిల్లలను పిలిచి అడిగిన కాలమది.

రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1న ఆరంభమై, 1938 జనవరిలో తన మొదటి నోటును, ఐదు రూపాయల నోటును, వెలువరించినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున జపానువారు మిక్కిలి నేర్పుతో భారతీయ నోట్లకు నకళ్ళు తయారుచేసినారు. దానివలన నీటిగుర్తును మార్చవలసి వచ్చినది. కాగితములో భద్రతా దారమును పొదుగుట మన దేశమున ఆ వరుస నోట్లతోనే మొదలైనది. నేడు నోటును వెలుతురుకెత్తి దారమును చూచు ప్రతి కూరగాయలమ్మి, తెలియకయే, ఆ యుద్ధకాలపు నోట్ల జాడను చూచుచున్నది. 1946 జనవరిలో 500, 1,000, 10,000 రూపాయల నోట్లు, 1978 జనవరిలో 1,000, 5,000, 10,000 రూపాయల నోట్లు రద్దయినవి. అవి సామాన్యుని చేతికి అందని నోట్లు గనుక సంతలకు ఆ దెబ్బ అంతగా తగులలేదు.

500 రూపాయల నోటు 1987లో మరల వచ్చినది. 1996లో మహాత్మాగాంధి వరుస నోట్లు మొదలై, నీటిగుర్తున గాంధీజీ ముఖము, మధ్యమధ్య బయటికి కనబడు దారము, చీకటివాలున కానవచ్చు గుప్తబింబము, అంధులు తడిమి గుర్తించు ఉబ్బెత్తు గుర్తులు ఏర్పడినవి. 2005లో ఆ వరుసను మరింత పటిష్ఠము చేసినారు. ముద్రణ సంవత్సరమును వెనుకవైపున వేయుట కూడ అప్పటినుండియే. సంవత్సరము లేని పాత నోట్లను ఉపసంహరించుచున్నట్లు 2014 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించినప్పుడు, ఇంటిల్లిపాది పెట్టెలు తీసి నోట్లు తిరగవేసి చూచుకొన్నారు.

ఈ నోట్లతోనే ఊదారంగు దీపము అంగళ్ళకు వచ్చినది. దాని శాస్త్రము కొంత తెలిసికొనుట అవసరము. సూర్యకాంతిలో ఊదారంగునకు ఆవల కంటికి కనబడని కిరణములు కలవని 1801లో జర్మను శాస్త్రజ్ఞుడు రిట్టర్ కనుగొన్నాడు. అవియే అతినీలలోహిత కిరణములు. ఈ కిరణములు కొన్ని పదార్థములపై పడినప్పుడు ఆ పదార్థములు కనబడు రంగులో వెలుగును వెనుకకిచ్చును. ఈ గుణమునకు 1852లో స్టోక్స్ ఇంగ్లీషున ఒక పేరు పెట్టినాడు. తెలుగున ప్రతిదీప్తి అందురు. నోటు తయారుచేయువారు ఈ గుణమును రహస్యలిపివలె వాడుకొన్నారు. 2005 వరుస నోట్లలో క్రమసంఖ్యలు ప్రతిదీప్తి గల సిరాతో అచ్చయినవి. కాగితములో సన్నని నారలు చల్లబడినవి. దారము పసుపుపచ్చగా వెలుగును. మామూలు వెలుతురులో నారలు కనబడవు. ఊదాదీపము క్రింద అవి చీకటి ఆకాశమున చుక్కలవలె పొడచూపును. 2016 తరువాతి నోట్లును ఈ దీపమునకు పలుకునవే.

అయితే వెలుగునది ఏదో చూచుటకంటె, వెలుగనిది ఏదో చూచుట ముఖ్యము. దీనిని చాలమంది తలక్రిందులుగా అర్థము చేసికొనుచున్నారు. నోటు కాగితము కొయ్యగుజ్జుతో చేసినది కాదు. అది నూటికి నూరు పాళ్ళు ప్రత్తి. నల్లరేగడిలో ప్రత్తి పండించిన కుటుంబములవారికి ఈ మాట చెప్పుటలో ఒక ముచ్చట ఉన్నది. వారి పొలములలో పండిన సరుకు వంటిదే రాజముద్ర ధరించి వారి చేతికి తిరిగి వచ్చుచున్నది. ఈ ప్రత్తి కాగితములో తెలుపు పెంచు రసాయనములు కలుపరు. కనుక ఊదాదీపము క్రింద మంచి నోటు మసకగా, నల్లబడినట్లుండును. బజారులో దొరకు తెల్లకాగితములో ఆ రసాయనములు ఉండును గనుక అది నీలముగా మెరయును. నోటు మొత్తము పండుగనాటి క్రొత్త వేష్టివలె తళతళలాడినచో దానిని నమ్మరాదు.

వేష్టి మాట ఊరక వచ్చినది కాదు. బట్టలుతుకు పొడిలోను తెలుపు పెంచు ఆ రసాయనములే ఉండును. చొక్కా జేబులో మరచిన నోటు చాకిరేవులోనో యంత్రములోనో ఒక మునుక మునిగి వచ్చినచో, అది అచ్చమైన నోటే అయినను ఊదాదీపము క్రింద మెరయును. పాపము ఆ నోటు తెచ్చినవాడు దొంగగా నిలబడవలసి వచ్చును. మరియొక ప్రక్క, తెలివిగల దొంగ మెరపులేని కాగితమునే వెదకి తెచ్చి, వెలుగు సిరాతో సంఖ్యలు దిద్దవచ్చును. అప్పుడు దీపము వానికే సాక్ష్యము పలుకును. దీపములన్నియు ఒకటి కావు. 365 నానోమీటర్ల దీపము కంటికి అంతగా కనబడక పని చక్కగా చేయును. చౌకగా దొరకు 395 నానోమీటర్ల దీపము తన ఊదారంగునే నోటంతయు పరచును గనుక సన్నని నారలు అందులో మునిగిపోవును. పిల్లల కన్నులలోనికి ఈ దీపమును వేయుట కూడ మంచిది కాదు. ఆటవస్తువుగా అమ్మబడుచున్నదని ఇండ్లలో దానిని పిల్లలకిచ్చుట చూచుచున్నాము.

కనుకనే రిజర్వు బ్యాంకు ప్రజలకు చెప్పు గుర్తులలో ఎక్కువ భాగము దీపముతో పనిలేనివి. వ్రేలితో తడిమిన ఉబ్బెత్తుగా తగులు అక్షరములు, వెలుతురుకెత్తిన కనబడు గాంధీజీ బొమ్మ, ఆ బొమ్మ ప్రక్క నీటిగుర్తుగా అంకె, వాల్చి చూచిన ఆకుపచ్చనుండి నీలమునకు మారు దారము, ఎడమనుండి కుడికి పెద్దవగుచు పోవు క్రమసంఖ్య అట్టివి. ఐదువందల నోటు అంచుల ఐదు ఉబ్బెత్తు గీతలు, నూరు రూపాయల నోటుకు నాలుగు గీతలు అంధుల కొరకు పెట్టినవే గాని చీకటిలో అమ్ముకొను పూలవారికిని అక్కరకు వచ్చుచున్నవి. ఉదయపు బోణీ నోటును కన్నులకద్దుకొను అలవాటులో నోటు ముఖమునకు దగ్గరగా వచ్చును, వ్రేళ్ళమధ్య కాగితపు గరుకు తెలియును. భక్తియు పరీక్షయు ఒకే కదలికలో ముగియును. ఒరగల్లు చేసిన పనిని ఇపుడు బొటనవ్రేలు చేయుచున్నది.

2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు ఈ బొటనవ్రేలి విద్య ఒక్కసారిగా చెల్లనిదైనది. క్రొత్త ఐదువందల నోటు, రెండువేల నోటు కొలతలోను రంగులోను వేరు. యేండ్ల తరబడి వ్రేళ్ళు నేర్చినదానిని మరల మొదటినుండి నేర్వవలసి వచ్చినది. క్రొత్త నోటును చూచి ఎరుగనివానికి రంగుల నకలు అంటగట్టుట సులభము. రిజర్వు బ్యాంకు లెక్కలలో 2016-17లో బ్యాంకు వ్యవస్థలో పట్టుబడిన నకిలీ నోట్లు 7,62,072. 2020-21 నాటికి ఆ సంఖ్య 2,08,625కు దిగినది. ఇవి బ్యాంకులకు చేరినవి మాత్రమే. సంతనుండి సంతకు తిరుగునవి ఏ పుస్తకములోను ఎక్కవు. రెండువేల నోటును 2023 మే నెలలో ఉపసంహరించినారు. ఆ నడుమ 2017లో వచ్చిన ఏబది రూపాయల నోటు వెనుక హంపి రాతిరథము ముద్రింపబడియున్నది. నాయకరాజులు ఏ నగరమునుండి మధురకు వచ్చినారో ఆ నగరపు బొమ్మ, మాట్టుతావణిలో కరివేపాకు కట్టలకు చిల్లరగా తిరుగుచున్నది. ఎందరు గమనించినారో!

ఇక నష్టము మాట. షరాబు కాలమునకు, మన కాలమునకు గల పెద్ద భేదమిచటనే ఉన్నది. నకిలీ నోటును బ్యాంకునకు తీసికొనిపోయినచో వారు దానిపై నకిలీ అని ముద్రవేసి, రసీదు ఇచ్చి, నోటును తమవద్ద ఉంచుకొందురు. వట్టము లేదు. ప్రతిఫలము లేదు. ఒక్క లావాదేవీలో నాలుగు వరకు దొరికినచో నెలసరి నివేదికతో పోలీసులకు తెలుపుదురు. ఐదు లేక అంతకు మించినచో వెంటనే ఫిర్యాదు నమోదగును. నియమము న్యాయమైనదే. నకిలీకి విలువ కట్టినచో నకిలీని పెంచినట్లగును. కాని ఆ న్యాయపు బరువు ఎవరిపై పడుచున్నది? నోటు అచ్చువేసినవానిపై కాదు, మొదట మార్చినవానిపై కాదు. ఏ చేతిలో అది బయటపడినదో ఆ చివరి చేతిపై. ఆ చేయి చాలసార్లు రోజంతయు కూర్చుండి కొత్తిమీర అమ్మిన ముసలమ్మది, లెక్క అప్పగింపవలసిన బస్సు కండక్టరుది, యజమాని గల్లాపెట్టెవద్ద కూర్చున్న కుఱ్ఱవానిది. లక్షలు తిప్పు మండీవానికి ఐదువందలు ఒక చిరాకు. కొత్తిమీర అమ్మునామెకు అది ఆనాటి లాభమంతయు, మరునాటి పెట్టుబడిలో కొంతయు.

అందువలననే సంతలలో ఒక దురాచారము కలదు. చేతికి వచ్చిన నకిలీని చీకటి వేళ మరియొకరికి అంటగట్టి వదిలించుకొందురు. "నాకు వచ్చినదే ఇచ్చితిని" అన్నది వారి సమాధానము. చట్టము దానిని ఒప్పుకొనదు. నకిలీయని తెలిసియు, లేక తెలియదగిన కారణముండియు, దానిని మంచిదిగా చలామణి చేసినవానికి యావజ్జీవ కారాగారము గాని పదేండ్లవరకు ఖైదు గాని విధింపవచ్చును. తెలిసి చలామణి చేయు తలంపుతో దగ్గరనుంచుకొనుట కూడ నేరమే. 1899లో శిక్షాస్మృతిలో చేరిన ఈ నిబంధనలే 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 178 మొదలుగా గల సెక్షన్లుగా నడచుచున్నవి. నోటు తెలియక పుచ్చుకొన్నవాడు నేరస్థుడు కాడు. టార్చి వేసి చూచి, మెరయుట గమనించి, మడిచి, ప్రక్క దుకాణమున ఇచ్చినవాడు నేరస్థుడు. దీపము ఒక్క క్షణములో మనిషిని ఒక గట్టునుండి రెండవ గట్టునకు దాటించును. తెలుగున కల్ల అనగా అబద్ధము. తమిళమున నకిలీ నోటును కళ్ళనోటు అందురు. లకారము వేరైనను మాటలు రెండును ఇచట ఒకే తావున కలిసికొన్నవి.

పరీక్షించు పద్ధతిలో కూడ మర్యాద ఉన్నది. నోటు ఇచ్చినవాని ముఖము ఎదుటనే దీపము వేసి చూచుట అతనిని దొంగయని అనుమానించినట్లని కొందరు కోపగించుకొందురు. తెలిసిన వర్తకులు అందరి నోట్లను, తమ బంధువుల నోట్లను సైతము, ఒకే తీరున చూచెదరు. "తప్పుగా తలపకుడు, అందరివీ చూచుటే వాడుక" అను ఒక్క మాట చాలును. ఒరగల్లుపై గీచిన షరాబును చూచి ఎవ్వరును అలుగలేదుగదా!

2016 నుండి ఫోనుద్వారా చెల్లించు యూపీఐ వచ్చి, మాట్టుతావణిలోను తక్కెడ ప్రక్కన గళ్ళగళ్ళ బొమ్మల అట్టలు నిలిచినవి. సొమ్ము చేరినదని చిన్న పెట్టె గొంతెత్తి చెప్పును. ఒకప్పుడు రూపాయి గల్లుమన్నదా లేదా అని విన్న చెవియే నేడు ఆ పెట్టె పలికినదా లేదా అని వినుచున్నది. అయినను తెల్లవారుజామున పూలగోనె దింపిన రైతు నగదే అడుగును. గోనె మూతి విప్పి, మల్లెమొగ్గలు ఎంచి, ధర తేలిన పిమ్మట నోట్ల కట్ట చేతులు మారును. కట్టలో అడుగున ఉన్న నోటును కూడ తీసి, ఆ రైతు దానిని విద్యుద్దీపమునకెత్తి చూచి, వాల్చి చూచి, అంచున గీతలు తడిమి, మడిచి నడుమున దోపుకొని, మేలూరు బస్సు ఎక్కును.